నిప్పులో మూగబోని పెట్టె

ఎండాకాలంలో పల్లెల్లో పూరిల్లు అంటుకున్నప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారో మీలో కొందరు విని ఉంటారు. గోనెపట్టాను నీళ్లలో ముంచి, నెత్తిన కప్పుకుని, వంగి లోపలికి దూరి, కట్టుతాళ్లు తెంచి పశువులను బయటికి తోలుకొస్తారు. గోనె పొడిగా ఉంటే ముందు అదే అంటుకుంటుంది. తడిగా ఉంటే మనిషిని కాపాడుతుంది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. గోనె కప్పుకున్న ఆ మనిషి లోపలి నుంచి బయటివాళ్లతో మాట్లాడుతూ కూడా ఉండాలనుకోండి. కప్పు మందంగా ఉంటే వేడి తగలదు గాని మాట వినబడదు. పల్చగా ఉంటే మాట వినబడుతుంది గాని ఒళ్లు కాలుతుంది. వేడిని ఆపి, మాటను మాత్రం పోనిచ్చే కప్పు ఎక్కడైనా ఉంటుందా?

ఇది కేవలం పొడుపుకథ కాదు. కార్చిచ్చుతో పోరాడే అగ్నిమాపక శకటాల పైకప్పు మీద ఉపగ్రహంతో మాట్లాడే రేడియో పరికరాలు అమరుస్తున్న ఇంజనీర్లకు ఇది నిజంగానే ఎదురైన ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి మీ పాఠ్యపుస్తకంలోని ఉష్ణం, తరంగాలు అనే రెండు పాఠాలు చాలు. రండి, ఒక్కొక్క మెట్టే ఎక్కుదాం.

ఆకాశంతోనే ఎందుకు మాట్లాడాలి?

కార్చిచ్చుకు పెట్టింది పేరు ఆస్ట్రేలియా. అక్కడి అడవుల్లో యూకలిప్టస్ చెట్లు ఎక్కువ. వాటి ఆకుల్లో నూనె ఉంటుంది. ఎండాకాలంలో నిప్పురవ్వ పడితే చాలు, భగ్గుమంటాయి. 2019-20 వేసవిలో అక్కడ చెలరేగిన మంటల్లో 2 కోట్ల 40 లక్షల హెక్టార్లకు పైగా నేల కాలింది. 3,000కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. 33 మంది చనిపోయారు.

ఆ రోజుల్లో అనేక ఊళ్లలో ఫోన్లు మూగబోయాయి. సెల్‌ఫోన్ స్తంభాలన్నీ కాలిపోయాయేమో అనుకుంటాం. కాని నేరుగా మంటల్లో కాలినవి చాలా తక్కువ. కరెంటు తీగలు తెగి, స్తంభాలకు విద్యుత్తు అందక ఆగిపోయినవే ఎక్కువ. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. అడవిలో ఉన్న శకటానికీ, ఊళ్లో ఉన్న అధికారికీ మధ్య మాట తెగిపోతుంది.

ఉపగ్రహానికి ఈ బెడద లేదు. కాలిపోయే స్తంభం గాని, తెగిపోయే తీగ గాని దానికి అడవిలో అవసరం లేదు. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలబడినట్లు కనిపిస్తాయి. మరికొన్ని ఉపగ్రహాలు చాలా దిగువన తిరుగుతాయి. ఉదాహరణకు ఇరిడియం వ్యవస్థలో 66 ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో భూమిని చుట్టివస్తుంటాయి. ఒకటి దిగంతానికి దిగిపోతుండగా మరొకటి మాట అందుకుంటుంది.

మరి పొగ అడ్డు రాదా? మంచి ప్రశ్న. పొగలోని రేణువులు మిల్లీమీటరులో వెయ్యోవంతు ప్రాంతంలో ఉంటాయి. కాంతి తరంగాలు కూడా దాదాపు అంత చిన్నవే కాబట్టి పొగ వాటిని చెదరగొడుతుంది. అందుకే మన కళ్లకు దారి కనిపించదు. రేడియో తరంగం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. దానికి పొగరేణువు ఒక లెక్కలోది కాదు. నడినెత్తిన సూర్యుడు కనిపించనంత పొగలో కూడా ఉపగ్రహం మాట వినబడుతుంది.

మంట శకటాన్ని చుట్టుముడితే?

1998 డిసెంబరు 2న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, లింటన్ అనే ఊరి దగ్గర, గాలి ఉన్నట్టుండి దిశ మార్చింది. అంతవరకు పక్కగా కాలుతున్న మంట శకటాల మీదికి తిరిగింది. ఒక శకటంలోని ఐదుగురు స్వచ్ఛంద అగ్నిమాపక సేవకులు ప్రాణాలు కోల్పోయారు. జీతం కోసం కాదు, ఇతరుల ఊళ్లను కాపాడాలని వచ్చినవాళ్లు వారు.

ఇలాంటి ప్రమాదాల నుంచి నేర్చుకున్న పాఠాలతో శకటాల రూపం మారింది. డ్రైవరు గది చుట్టూ నీటిని చిమ్మే గొట్టాలు అమర్చారు. కిటికీలకు లోపలి వైపు వేడిని తిప్పికొట్టే తెరలు, ఒంటిమీద కప్పుకోవడానికి దుప్పట్లు వచ్చాయి. ఆత్మరక్షణ కోసం ట్యాంకులో కొంత నీరు ఎప్పుడూ మిగిల్చి ఉంచడం నియమమయింది. సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అనే ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ, న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ అగ్నిమాపక సేవతో కలిసి, మోగో అనే చోట గ్యాసు మంటలతో కృత్రిమ కార్చిచ్చును సృష్టించి, శకటాలు ఎంతవరకు తట్టుకుంటాయో పరీక్షించింది.

మంట ముందువరుస ఒకచోట నిలిచి ఉండేది తక్కువసేపే. ఎండుటాకులు, గడ్డి కాలి మంట ముందుకు సాగిపోవడానికి సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు గడిస్తే లోపలివాళ్లు బతుకుతారు. కాని ఆ తరువాత? టైర్లు కాలిపోయి ఉండవచ్చు, ఎవరికైనా గాయాలై ఉండవచ్చు. “మేము ఇక్కడ ఉన్నాం, ఐదుగురం బతికే ఉన్నాం, రండి” అని చెప్పాలి. ఆ మాట చెప్పవలసిన పరికరం పైకప్పు మీద, అంటే మనుషులకున్న తెర గాని దుప్పటి గాని లేనిచోట ఉంది. ఉపగ్రహం కనిపించాలంటే అది ఆకాశం కిందనే ఉండాలి మరి!

ఎంత వేడి? లెక్క వేద్దాం

వేడి వస్తువు తన చుట్టూ ఉష్ణాన్ని వెదజల్లుతుందని మీకు తెలుసు. వస్తువు సంపూర్ణ ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ వికిరణం దాని నాల్గవ ఘాతంలో పెరుగుతుంది. ఇది స్టీఫాన్ నియమం.

27 డిగ్రీల సెల్సియస్, అంటే 300 కెల్విన్ దగ్గర ఉన్న నల్లని వస్తువు చదరపు మీటరుకు 0.46 కిలోవాట్ల ఉష్ణాన్ని వెదజల్లుతుంది. కార్చిచ్చు ప్రాంతాల్లో ఇళ్లు కట్టడానికి ఆస్ట్రేలియాలో వాడే ప్రమాణంలో మంట ఉష్ణోగ్రతను 1,090 కెల్విన్‌గా తీసుకుంటారు. ఇది 300కు 3.63 రెట్లు. 3.63ను నాలుగుసార్లు గుణిస్తే సుమారు 174. కాబట్టి మంట వెదజల్లే ఉష్ణం 0.46 × 174 = 80 కిలోవాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1 కిలోవాటు మాత్రమే. ఒక్క సూర్యుడికే రోహిణీకార్తెలో మనం తాళలేం. ఇక్కడ 80 మంది సూర్యులు!

మన పరికరం వైశాల్యం 0.3 చదరపు మీటర్లు అనీ, బరువు 5 కిలోలనీ, అది అల్యూమినియంతో చేసిందనీ ఊహిద్దాం. అల్యూమినియం విశిష్టోష్ణం ప్రకారం దాన్ని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,500 జౌళ్లు కావాలి. మంట నుంచి సెకనుకు 80,000 × 0.3 = 24,000 జౌళ్లు వచ్చిపడుతున్నాయి. అంటే సెకనుకు 5 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. పారిశ్రామిక అవసరాలకు చేసే ఎలక్ట్రానిక్ భాగాలు చాలావరకు 85 డిగ్రీల దాకానే పనిచేస్తాయి. 45 డిగ్రీల ఎండలో ఉన్న పెట్టె ఆ హద్దు దాటడానికి 8 సెకన్లు చాలు. పాలిథీన్ తొడుగులు 130 డిగ్రీల లోపే కరుగుతాయి. 183 డిగ్రీలకు మామూలు సీసపు టంకం కూడా కరిగి అతుకులు ఊడిపోతాయి.

కాబట్టి కప్పు లేకుండా లాభం లేదు. ఏ కప్పు వెయ్యాలి?

అన్నదమ్ములను వేరుచేయడం

వెంటనే తోచే జవాబు అల్యూమినియం రేకు. తళతళలాడే రేకు తన మీద పడిన ఉష్ణకిరణాల్లో నూటికి 90కి పైగా తిప్పికొడుతుంది. కిటికీ తెరలకు వాడేది అందుకే. కాని రేడియో పరికరానికి రేకు చుడితే ఏమవుతుంది? అది మూగబోతుంది!

ఎందుకంటే ఉష్ణకిరణాలు, రేడియో తరంగాలు అన్నదమ్ములు. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఉష్ణకిరణాన్ని ఎలా తిప్పికొడతాయో రేడియో తరంగాన్నీ అలాగే తిప్పికొడతాయి. బొగ్గు పీచుతో చేసిన గట్టి పలకలు కూడా విద్యుత్తును ప్రవహింపజేస్తాయి కాబట్టి అవీ పనికిరావు.

అయితే ఈ అన్నదమ్ముల మధ్య ఒక తేడా ఉంది. అది పొడవులో తేడా. 1,090 కెల్విన్ మంటలో అత్యధికంగా వెలువడే పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే సుమారు రెండున్నర భాగాలు, అంటే దాదాపు 2.7 మైక్రాన్లు. ఉపగ్రహాలు వాడే 12 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు 2.5 సెంటీమీటర్లు. ఇది దానికి 9,000 రెట్లకు పైగా పెద్దది.

చెరువులో తుంగపొదను చూడండి. పిల్లగాలికి లేచే చిన్న అలలు తుంగకాడలకు తగిలి చెదిరి అక్కడే అణిగిపోతాయి. సముద్రపు కెరటానికి ఆ కాడలు ఒక అడ్డు కాదు. ఇంజనీర్లకు కావలసింది ఇలాంటి పొదే. పింగాణీ జాతి పదార్థాలను కరిగించి సన్నని పీచుగా లాగి, దూదిలా పరిచి దుప్పట్లు చేస్తారు. కొలిమి గోడలకు వాడేవి ఇవే. పీచు మందం 2 నుంచి 4 మైక్రాన్లు. సరిగ్గా ఉష్ణకిరణాల కొలత! కాబట్టి ఉష్ణకిరణాలు ఈ పీచుపొదలో చెదిరిపోతాయి. పీచు మధ్య చిక్కుకున్న గాలి ఉష్ణవహనాన్ని అడ్డుతుంది. లోహం కాదు కాబట్టి రేడియో తరంగం దాదాపు తరుగు లేకుండా దాటిపోతుంది.

ఈ దుప్పటి ఎంత మేలు చేస్తుంది? మందం 2.5 సెంటీమీటర్లు, బయటికీ లోపలికీ తేడా 800 డిగ్రీలు, ఉష్ణవాహకత్వం 0.15 అనుకుందాం. 0.15 × 800 ÷ 0.025 = చదరపు మీటరుకు 4,800 వాట్లు. మన పరికరం మీదికి చేరేది దానిలో 0.3 వంతు, అంటే 1,440 వాట్లు. నిమిషంలో పెరిగేది 19 డిగ్రీలు! దుప్పటి తానే వేడెక్కడానికి కొంత సమయం తీసుకుంటుంది కాబట్టి నిజంలో ఇంకా తక్కువ. 45 డిగ్రీల పెట్టె 64 దగ్గర ఆగుతుంది. బతికింది.

గట్టి డిప్ప

పీచుదుప్పటి మెత్తనిది. అడవి దారుల్లో కొమ్మలు తగిలితే చిరిగిపోతుంది. అందుకని పైన గట్టి డిప్ప ఉండాలి. రేడియో పరికరాల మీద కప్పే ఇలాంటి డిప్పను రేడోమ్ అంటారు. విమానం ముక్కు కూడా ఒక రేడోమే. దాని వెనుక వాతావరణాన్ని చూసే రాడార్ ఉంటుంది.

రేడోమ్‌కు గాజుపీచు పలకలు వాడవచ్చు. కాని మందం ఇష్టం వచ్చినట్లు పెట్టకూడదు. డిప్ప బయటి ముఖం నుంచి కొంత, లోపలి ముఖం నుంచి కొంత రేడియో తరంగం వెనక్కి తిరుగుతుంది. మందం సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం ఉంటే ఈ రెండు పరావర్తనాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సబ్బుబుడగ మీద రంగులు కనిపించడానికి కారణమైన సూత్రమే ఇది. గాజుపీచు పలకలో తరంగం పొడవు గాలిలో ఉన్నదానిలో సుమారు సగానికి తగ్గుతుంది. అంటే 2.5 సెంటీమీటర్ల తరంగం అక్కడ 1.25 సెంటీమీటర్లు. దానిలో సగం 6.25 మిల్లీమీటర్లు. డిప్ప మందం అంత ఉండాలి.

నీరు మిత్రుడా, శత్రువా?

మొదట చెప్పుకున్న తడిగోనె దగ్గరికి మళ్లీ వద్దాం. 30 డిగ్రీల నీరు లీటరు మరిగి ఆవిరి కావడానికి సుమారు 2,550 కిలోజౌళ్ల ఉష్ణం తీసుకుంటుంది. 80 కిలోవాట్ల మంట నిమిషంలో ఇచ్చేది 4,800 కిలోజౌళ్లు. అంటే చదరపు మీటరుకు నిమిషానికి 2 లీటర్ల నీరు ఒక్క చుక్క వృథా కాకుండా ఆవిరైతే, ఆ మంట మొత్తాన్ని మింగేస్తుంది! నిజంలో గాలికి కొంత, కారి కొంత పోతుంది కాబట్టి ఎక్కువే కావాలి. అయినా నీటిని మించిన రక్షకుడు లేడు.

కాని రేడియోకు? 12 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. రేడోమ్ మీద మిల్లీమీటరులో నాలుగోవంతు నీటిపొర నిలిచినా సంకేతం బాగా నీరసిస్తుంది. జోరువానలో డిష్ టీవీ బొమ్మ చెదిరిపోవడం మీరు చూసే ఉంటారు. పీచుదుప్పటి నీటిలో నానితే ఇంకా నష్టం. మనుషుల ప్రాణం కాపాడే నీరే వాళ్ల గొంతు నొక్కేస్తుందన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉపగ్రహ పరికరం పనిచేస్తూ తానే 75 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. బయటి వేడిని రానివ్వని దుప్పటి లోపలి వేడిని పోనివ్వదు. మన లెక్క ప్రకారం నిమిషానికి 1 డిగ్రీ. మంట దాటే రెండు నిమిషాలకు ఇది పెద్ద లెక్క కాదు. కాని రోజంతా మూసి ఉంచితే? 45 డిగ్రీల ఎండలో గంట తిరగకముందే హద్దు దాటిపోతుంది! మంట కన్నా ముందు కప్పే దాన్ని చంపుతుంది. అందువల్ల అడుగున శకటం లోహానికి వేడి దిగిపోయే దారి ఉండాలి. లేదా ప్రమాదం దగ్గరపడ్డప్పుడే మందపు కప్పు వెయ్యాలి.

ఏది ముందు?

ఇన్ని చిక్కులకు ఒక్క జవాబు లేదు. పనిని రెండుగా పంచుకోవడమే తెలివైన మార్గం.

చిత్రాలు, పటాలు పంపడానికి 12 గిగాహెర్ట్జ్ వంటి పెద్ద దారి కావాలి. మంట మీదికి వచ్చిన నిమిషంలో ఎవరూ బొమ్మలు పంపరు. అప్పుడు ఆ పరికరాన్ని ఆపి, కప్పి, ప్రాణం నిలబెట్టాలి. మంట దాటాక మళ్లీ మేలుకుంటుంది. “ఇక్కడ ఉన్నాం” అనే చిన్న సందేశానికి చిన్న దారి చాలు. ఇరిడియం వంటి వ్యవస్థలు వాడే 1.6 గిగాహెర్ట్జ్ తరంగాల పొడవు 18 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. పల్చని నీటిపొర వీటిని పెద్దగా ఆపలేదు. డిప్ప మందం మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. ఏరియల్ అరచేతిలో ఇమిడేంత చిన్నది కాబట్టి కప్పడం సులువు. ఎలక్ట్రానిక్ పెట్టెను డ్రైవరు గదిలోనే, మనుషులకున్న రక్షణలోనే ఉంచి, పైకి చిన్న ఏరియల్ మాత్రం పెట్టవచ్చు. ఆ రెంటినీ కలిపే తీగకు పి.వి.సి. తొడుగు పనికిరాదు. 327 డిగ్రీల దాకా కరగని టెఫ్లాన్ తొడుగు, దాని మీద గాజుపీచు జడ కావాలి. పెట్టె ఎంత భద్రంగా ఉన్నా తీగ కాలితే మాట పోయినట్లే కదా!

అన్నిటికన్నా చవకైన రక్షణ మరొకటి ఉంది. శకటం ఎక్కడుందో నిమిషానికొకసారి తనంతట తానే ఉపగ్రహానికి చెబుతూ ఉండడం. మంటలో పరికరం కాలిపోయినా ఆఖరి చిరునామా అప్పటికే చేరిపోయి ఉంటుంది. వెతికేవాళ్లకు అది చాలు.

మన నల్లమల అడవుల్లోనూ వేసవిలో మంటలు లేస్తాయి. వాటిని మొదట పసిగట్టేది చాలాసార్లు ఉపగ్రహాలే. అవి పంపే సమాచారాన్ని హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, షాద్‌నగర్ దగ్గరున్న తన ఏరియళ్లతో అందుకుంటుంది. భారత అటవీ సర్వే సంస్థ అటవీ సిబ్బందికి హెచ్చరికలు పంపుతుంది. గమనించారా? ఆ ఉపగ్రహాలు మంటను చూసేది పరారుణ కిరణాలతో. మనకు కబురు చెప్పేది రేడియో తరంగాలతో. అక్కడా ఆ అన్నదమ్ములే!

చేసి చూడండి

1. ఒక సెల్‌ఫోన్‌ను మందపాటి బట్టలో చుట్టి, మరొక ఫోన్ నుంచి పిలవండి. తరువాత కుండలో పెట్టి పిలవండి. చివరికి సందు లేకుండా నాలుగైదు పొరల అల్యూమినియం రేకులో చుట్టి పిలవండి. ఎప్పుడు మోగింది, ఎప్పుడు మోగలేదు? రేకులో చిన్న సందు వదిలితే ఏమవుతుంది?

2. కాగితంతో దొప్ప చేసి, నిండా నీళ్లు పోసి, కొవ్వొత్తి మంట మీద పట్టుకోండి. కాగితం ఎందుకు కాలదు? ఈ ప్రయోగం పెద్దవాళ్లు దగ్గర ఉన్నప్పుడే చెయ్యాలి.

3. ఒకే కొలత గల రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదానికి మసి పూసి, రెండోదానికి రేకు చుట్టండి. సమానంగా నీళ్లు పోసి గంటసేపు ఎండలో ఉంచి ఉష్ణోగ్రతలు కొలవండి.

ఆలోచించండి

1. మంట ఉష్ణోగ్రత 1,090 కెల్విన్ నుంచి 1,200 కెల్విన్‌కు పెరిగితే వికిరణం ఎన్ని రెట్లవుతుంది?

2. భూస్థిర ఉపగ్రహం ద్వారా పంపిన మాట పైకి వెళ్లి కిందికి రావడానికి కనీసం ఎంత సమయం పడుతుంది? రేడియో తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు.

3. మంట దాటిపోయాక రేడోమ్ మీద మసి పేరుకుంది. మసి అంటే బొగ్గు. మంట మధ్యలో పరికరం బాగానే పనిచేసి, ఆ తరువాత సంకేతం తగ్గిపోతే మొదట ఏం చెయ్యాలి?

మూడో ప్రశ్నకు జవాబు ఒక తడిగుడ్డ. కాని అది ఎందుకు పనిచేస్తుందో, తుడిచాక ఆరేదాకా ఎందుకు ఆగాలో మీరే చెప్పండి.